దారి తప్పడానికి కరదీపిక: నెల్లూరు తీరంలో నడవదలచిన వారికి

ఇంగ్లండు పల్లెటూళ్ళలో ఒక వింత ఆచారం ఉంది. సెలవురోజు వస్తే జనం బూట్లు బిగించి, పటం మడిచి జేబులో పెట్టుకుని ఊరి చుట్టూ నడుస్తారు. పనేమీ ఉండదు, మొక్కూ ఉండదు. ఎవరి పొలం మధ్యగా పోయినా సరే, కాలిబాట కాలిబాటే. దాని మీద నడిచే హక్కు అందరిదీ. ఇంగ్లండు, వేల్సు కలిపి ఇలాంటి బాటలు రెండు లక్షల కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. అవి చాలక కొండలూ కావాలన్నారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ ప్రాంతపు కార్మికులు వందలమంది, దొరలు వేట కోసం మూసిపెట్టుకున్న కిండర్ స్కౌట్ కొండ మీదికి గుంపుగా ఎక్కారు. ఐదుగురు జైలుకు కూడా పోయారు. 1949లో చట్టం చేసి బాటలన్నిటికీ పటాలు గీయించారు. 2000లో ఇంకో చట్టం చేసి కొండలూ బీళ్ళూ తెరిచారు. ఇంత చేసి సాధించిందేమిటయ్యా అంటే, నడవడం!

మన తీరానికి ఇలాంటి తతంగం అక్కర్లేదు. ఆ మాటకొస్తే ఇంగ్లీషువాళ్ళు 1626లోనే ఇక్కడికి వచ్చారు. దుగరాజపట్నంలో గిడ్డంగి కట్టి, ఆ చోటికి ఆర్మగాన్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్నంలో స్థలం చూసుకోగానే మూటాముల్లే సర్దుకుని పోయారు. ఒక్క బాణం గుర్తు కూడా పాతకుండా పోయారు. అందుకే రామాయపట్నం నుంచి పులికాట్ దాకా, పాత జిల్లా లెక్కన నూట అరవై కిలోమీటర్లకు పైబడ్డ ఈ తీరంలో ఎటు నడవాలో, ఎలా నడవాలో చెప్పేవాళ్ళు లేరు. ఆ లోటు తీర్చడానికే ఈ కరదీపిక.

మూలసూత్రం ముందే చెబుతాను. మిగతావన్నీ దీని పిల్లలే. ఈ తీరం ఖాళీగా ఉంది. ఇక్కడ ఎవరూ లేరు, ఇది ఎవరిదీ కాదు. ఈ ఒక్క మాట మనసులో నిలుపుకుని కారు దిగితే చాలు, తక్కిన తప్పులన్నీ వాటంతట అవే జరుగుతాయి.

ఎప్పుడు బయల్దేరాలి

అన్నివిధాలా తగిన కాలం రోహిణి కార్తె. ఆ కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలన్నది రోళ్ళ గురించి, మీ గురించి కాదు. నెల్లూరులో పదింటికి తీరిగ్గా దోసె తిని, మైపాడు గేటు దగ్గర ఒక టీ తాగి, పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న మైపాడుకు చేరేసరికి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అదే ముహూర్తం. చెప్పులు కారులో వదిలేయండి. ఇసుకలో ఉత్తకాళ్ళతో నడవడం ఆరోగ్యమని వాట్సాపులో వచ్చింది కదా.

కొందరు చాదస్తులు వేరేగా చెబుతారు. ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరుతో సద్దుమణుగుతాయని, అక్కడి నుంచి ఫిబ్రవరి దాకా నడకకు హాయిగా ఉంటుందని, తెల్లవారకముందే బయల్దేరితే పడవలు ఒడ్డుకు రావడం చూడొచ్చని. నిజమే. కానీ అలా పోతే నడక సుఖంగా జరిగిపోతుంది. ఊరికొచ్చాక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

నీళ్ళ సీసా మోయకండి. ఎదురుగా అంత సముద్రం ఉండగా నీళ్ళు వెంట తీసుకుపోవడం ఏం తెలివి?

పటాన్ని నమ్మండి, కాలవను నమ్మకండి

సముద్రానికి ఇంకాస్త దూరం ఉందనగా ఫోనులో ఒక సన్నటి నీలిగీత కనిపిస్తుంది. పటం మీద అది గీతే కదా, గెంతితే దాటిపోవచ్చు అనుకోండి. దగ్గరికెళ్ళాక అది బకింగ్‌హామ్ కాలవ అని తెలుస్తుంది. వంతెన ఎక్కడుందో అడిగితే ఉత్తరంగానో దక్షిణంగానో చెయ్యి చూపిస్తారు. అంత చుట్టు తిరిగేవాడు మగాడేనా? నేరుగా దిగండి. మోకాలి దాకా అడుసు, ఆ అడుసులో గాజుపెంకులు, పైన పచ్చటి నురగ.

ఈ కాలవ కథ కూడా చిన్నదేం కాదు. 1806లో కొక్రేన్ అనే ఇంగ్లీషు వ్యాపారి మద్రాసు నుంచి ఉత్తరంగా తవ్వించడం మొదలుపెట్టాడు. తర్వాత సర్కారు తీసుకుని మన తీరం పొడుగునా పొడిగించింది. ధాత కరువు నాడు కూడు లేనివాళ్ళ చేత మద్రాసు ఊళ్ళోని ముక్కను తవ్వించి, 1878లో అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు తగిలించారు. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా నాలుగు వందల కిలోమీటర్లకు పైగా సాగే ఈ నీటిదారిలో ఉప్పు, ధాన్యం, కట్టె మద్రాసుకు పడవల మీద పోయేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో పడవలు లాగేవాళ్ళు. 1965, 1966 తుపాన్లు కాలవను పూడ్చాక ఆ రాకపోకలు పడిపోయాయి.

అంటే ఈ జిల్లాలో ఎత్తుపల్లాలు లేకుండా, సముద్రానికి సమాంతరంగా, మనుషుల పాదాలతో అరిగిన నడకదారి ఏదన్నా ఉందంటే అది ఈ కాలవ గట్టే. రెండు పక్కలా తాటిచెట్లు, నీళ్ళ మీద కొంగలు, నీటికాకులు. అక్కడ నడిచే ఆలోచన పొరపాటున కూడా రానివ్వకండి. గట్టు మీద మొలిచిన చిల్లచెట్లు మీ పని సులువు చేస్తాయి. ఆ కంప ముల్లు ఒక్కటి దిగితే మళ్ళీ కాలవ వైపు చూడరు.

దారి అడిగే పద్ధతి

కారు అద్దం కాస్త దించి, లోపలి చల్లగాలి బయటికి పోకుండా అడగాలి. ఎదుటివాడు మీ తండ్రి వయసువాడైనా "ఏయ్, బీచ్ ఎటు?" అనాలి.

"యాడికి బోవాల నాయనా?"

"బీచ్‌కి."

"బీచి అంటే ఏ పాలెం బీచి? ఈడ అంతా సముద్రమే గదా."

"దగ్గర్లో ఏదైనా."

"అట్టయితే ఇదో, ఈ తాళ్ళ తోపు దాటినాక, కూతేటు దూరం."

ఆ కూతవేటును మీ ఫోనుతో కొలవకండి. ఆయన చెప్పింది ఆయన కూత లెక్క. సముద్రం మీద పడవల్ని పిలిచి పిలిచి బలిసిన గొంతు అది.

రొయ్యల గుంటల దగ్గర

కాలవకు అటూఇటూ, ఒకప్పుడు వరికయ్యలూ ఉప్పు చవుళ్ళూ ఉన్నచోట, ఇప్పుడు రొయ్యల గుంటలు. 1990ల మొదట్లో ఈ సాగు ఊపందుకుంది. 1994, 1995 సంవత్సరాల్లో తెల్లమచ్చల వైరస్ వచ్చి ఊళ్ళకు ఊళ్ళను అప్పులపాలు చేసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథన్ కేసులో తీరానికి ఆనుకుని ఉన్న రొయ్యల చెరువుల్ని తీసేయమంది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి రిజిస్ట్రేషన్ పద్ధతి పెట్టింది. 2009లో వనామీ రొయ్య దిగింది. గుంటలు మళ్ళీ నిండాయి. ఇంత చరిత్ర ఉన్న గట్టు మీద నడిచేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఇవి.

ముందుగా, గుంటలో కాళ్ళు కడుక్కోండి. కాలవ అడుసు అంటుకుని ఉంది కదా. గుంట చుట్టూ కట్టిన మోకాలెత్తు వల ఎండ్రకాయలు లోపలికి రాకుండా, పైన లాగిన తీగలు పక్షులు వాలకుండా. ఒక గుంట జబ్బు ఇంకో గుంటకు పాకేది వాటి వల్లేనని రైతు భయం. మీరు ఎండ్రకాయా కాదు, పక్షీ కాదు. కాబట్టి వల దాటి ధైర్యంగా దిగొచ్చు. కాపలా మనిషి గుడిసెలోంచి పరిగెత్తుకొస్తాడు.

"అయ్యా, కాళ్ళు పెట్టబాకండి! ఇప్పుడే అరవై దినాల పిల్ల ఉండాది. తెల్లమచ్చ వొస్తే మా రెడ్డి నన్ను అమ్మినా అప్పు తీరదు."

నవ్వి ఊరుకోండి. గుంటలో తిరిగే ఏరియేటర్ల కేసి పోయే కరెంటు తీగలు గట్టు మీద అక్కడక్కడా అతుకులతో, గడ్డిలో కప్పబడిపోయి ఉంటాయి. వాటి మీద కాలు వేసి మెత్తగా ఉందో లేదో చూడండి. కుక్క మొరిగితే దాన్ని మచ్చిక చేసుకోవడానికి దగ్గరికెళ్ళండి. దాని ఉద్యోగమే మిమ్మల్ని కరవడం, ఆ పని దాన్ని చేసుకోనివ్వండి.

పట్టపుపాలెంలో

సవక తోపు దాటితే పాలెం. ఇక్కడ ఉండేది పట్టపువాళ్ళు. ఇది వాళ్ళ వాకిలి, వాళ్ళ కళ్ళం, వాళ్ళ కార్ఖానా. మీకు మాత్రం బీచి. కారులో వదిలిన చెప్పులు ఇక్కడ మాత్రం వేసుకుని, ఇసుక మీద పరిచి ఆరబెట్టిన వలల మీదుగా నడవండి. తెగిన కన్ను బాగుచేయడానికి ఒక మనిషి ఎండలో గంటల తరబడి కూర్చోవాలి కానీ ఆ గంటలు మీవి కావు. నెత్తళ్ళు ఎండేసిన చోట ముక్కు మూసుకుని "అబ్బా, కంపు" అని అందరికీ వినబడేలా అనండి. ఆ నెత్తళ్ళనే సాయంత్రం మీ ఇంట్లో వంకాయతో కలిపి వండితే లొట్టలేస్తారు, అది వేరే సంగతి.

ఒడ్డున పడవ కనిపిస్తే ఎక్కి కూర్చుని ఫోటో దిగండి. గంగమ్మకు మొక్కి, పసుపు కుంకుమ పెట్టి నీళ్ళలోకి తోసే పడవ అది. చెప్పులతో ఎక్కితే ఫోటో ఇంకా బాగా వస్తుంది. అలివి వల లాగుతున్నవాళ్ళు రెండు వరసలుగా తాళ్ళు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తుంటే, సరిగ్గా ఆ రెండు వరసల నడుమ నిలబడి వీడియో తీయండి. చేపల పాట జరుగుతున్న చోట ధర అడ్డంగా అడగండి. "వంజరం కేజీ సూపర్‌మార్కెట్లో ఇంతే కదా" అనండి. తెల్లవారుజామున మూడింటికి లోపలికి పోయి వచ్చినవాడికి ఈ సంగతి తెలియాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు చేపలు గుడ్లు పెట్టే కాలమని మోటారు పడవల వేట నిషేధం. ఆ రోజుల్లో వెళ్ళి "ఈరోజు తాజా వంజరం లేదా? అంతా సోమరిపోతులు" అని వ్యాఖ్యానించండి. పాలెం పెద్దలు దురాయి వేశారంటే, అంటే కట్టుబాటు ప్రకటించారంటే, అది దాటి ఎవరూ వేటకు పోరు. ఒక చట్టం ఢిల్లీది, ఇంకోటి రచ్చబండది. రెండిటినీ పాటించే మనుషులు ఉన్న చోటును ఖాళీ స్థలం అనడానికి కొంత సాధన కావాలి. కొనసాగించండి.

తాబేలుకు దారి చూపండి

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డుకు వచ్చి, ఇసుక తవ్వి, ఒక్కొక్కటి నూరు గుడ్లకు అటూఇటూగా పెట్టి పోతాయి. నెలన్నర, రెండు నెలలకు పిల్లలు పైకొచ్చి, నీళ్ళ మీది వెలుతురును చూసి సముద్రం వైపు పాకుతాయి. పాపం, చీకట్లో ఎంత అవస్థ! మీరు ఫోను టార్చి వేసి సాయం చేయండి. కారు హెడ్‌లైట్లు కూడా వేస్తే ఇంకా మంచిది. వెలుతురు ఎటుంటే అటు పోయే జాతి కాబట్టి అవి సముద్రానికి వీపు తిప్పి మీ కారు వైపు, ఆపైన రోడ్డు వైపు వస్తాయి. తెల్లారేసరికి కాకులకూ కుక్కలకూ పండగ.

గుడ్లు కనిపిస్తే ఒక గుంటలోంచి తీసి ఇంకో గుంటలో పెట్టి పుణ్యం కట్టుకోండి. ఇసుక వేడిని బట్టే ఆడా మగా తేలే ఆ గుడ్లకు మీ ఎంపిక ఏదైనా ఒకటే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఈ జీవిని మొదటి షెడ్యూలులో పెట్టింది, అంటే పులితో సమానం. పులి గుడ్లు పెట్టదు కాబట్టి ఆ పోలిక చెల్లదని వాదించండి.

ఆ నెలల్లోనే ఒడ్డున చచ్చిపడిన పెద్ద తాబేళ్ళు కూడా కనిపిస్తాయి. నీళ్ళలో బతికినా ఊపిరికి పైకి రావలసిన ప్రాణి అది. మర పడవల వలలో చిక్కి ఊపిరాడక పోతుంది. తప్పించుకుపోవడానికి వలకు ఒక తలుపు పెట్టొచ్చు. ఆ పరికరం ఎందుకు పెట్టరని అడగకండి. కళేబరం పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటే సరిపోతుంది.

మొగ దాటడం

ఒడ్డు వెంట ఉత్తరంగా నడుస్తూ పోతే పెన్న మొగ వస్తుంది. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టి, దాదాపు ఆరు వందల కిలోమీటర్లు నడిచొచ్చి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే ఏరు. ఎండాకాలం ఇసుక మేట వేసి, నదీ సముద్రమూ ఒకదానికొకటి ఎదురుపడకుండా చేస్తుంది. అప్పుడు చూస్తే అవతలి ఒడ్డు పిలిస్తే పలికేలా ఉంటుంది. దాటేయండి. పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో పాలెంలో కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. అందుకే అడగకండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు బలం ఎక్కువ కాబట్టి ఆ రోజులే ఎంచుకోండి. ఎగువన సోమశిల జలాశయం నుంచి నీళ్ళు వదిలారన్న కబురు నెల్లూరు పేపర్లో మొదటి పేజీలోనే ఉంటుంది. నడకకు పోయేవాడికి పేపరెందుకు?

పొర్లుకట్ట మీద నడిచి, కయ్యల మధ్యగా ఊరు చేరి, అక్కడి నుంచి బస్సెక్కి అవతలి ఒడ్డుకు పోవచ్చు. దారిలో ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పినాకినీ తీరాన, అంటే పెన్న ఒడ్డునే, సత్యాగ్రహ ఆశ్రమం ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ వచ్చి తెరిచింది. తొమ్మిదేళ్ళ తర్వాత ఆయనే సబర్మతి నుంచి దండి దాకా ఇరవై నాలుగు రోజులు నడిచి, సముద్రం ఒడ్డున పిడికెడు ఉప్పు తీశాడు. తీరానికి నడిచిపోవడం ఈ దేశంలో ఒకప్పుడు సామ్రాజ్యానికి నిద్ర లేకుండా చేసిన పని. ఆశ్రమంలో ఆగితే ఇలాంటి ఆలోచనలు వస్తాయి. ఆగకండి.

దక్షిణం వైపు పోయేవారికి

మైపాడు నుంచి కొత్తకోడూరు మీదుగా దక్షిణంగా ఒడ్డు పట్టుకుని నడిస్తే, ఎక్కడా ఆగక్కర్లేదని పటం చెబుతుంది. కృష్ణపట్నం ఆపుతుంది. 2008లో పెద్ద రేవుగా మొదలైన చోట ఒడ్డు మీద ప్రహరీ, గేటు, బొగ్గు. ఆ పక్కనే కండలేరు ఉప్పుటేరు. కాపలావాడితో "సముద్రం అందరిదీ కదా" అని వాదించండి. వాదన సరైనదే, చోటే సరైంది కాదు.

ఇంకా దిగువన పులికాట్. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు ఈ సరస్సు మధ్యగానే పోతుంది. చలికాలంలో రెండు పక్కలా ఫ్లెమింగోలు తల కిందికి పెట్టి, మట్టిని ముక్కుతో వడపోసుకుంటూ ఉంటాయి. అలా దించిన తలలు ఫోటోకు బాగుండవు. చప్పట్లు కొట్టండి, హారన్ మోగించండి, అవసరమైతే రాయి విసరండి. ఎంతో దూరం ఎగిరొచ్చిన పక్షికి ఇంకో పది నిమిషాలు ఎగరడం ఒక లెక్కా? తిండి మాని ఎగిరిన ప్రతిసారీ దాని ఒంట్లో కొవ్వు కరుగుతుంది. వ్యాయామం కదా.

నేలపట్టులో గూడబాతులు చెరువులోని కడప చెట్ల మీద గూళ్ళు కడతాయి. వాటి రెట్టతో చెరువు నీళ్ళకు బలమొస్తుందని, ఆ నీళ్ళు పారితే పైరు బాగుంటుందని అక్కడి రైతులు వాటిని తరమరు. 2001 నుంచి సర్కారు ఫ్లెమింగో పండగ కూడా చేస్తోంది. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి పోయింది. పక్షులకు ఆ జీవో ఇంకా అందినట్టు లేదు, పాత అడ్రసుకే వస్తున్నాయి.

శ్రీహరికోట రాకెట్ కేంద్రంలోకి నడిచిపోదామనుకుంటే మాత్రం కేంద్ర బలగాలు మిమ్మల్ని నడిపిస్తాయి, కానీ మీరనుకున్న వైపు కాదు. ప్రయోగం చూడడానికి 2019 నుంచి సందర్శకుల గ్యాలరీ ఉంది, పేరు నమోదు చేసుకుంటే చాలు. అంత సులువైన పనిలో మజా ఏముంది?

మూడో నంబరు హెచ్చరిక

కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని పేపర్లో చదివినప్పుడు, ఆ నంబర్లను పరీక్ష మార్కుల్లా చూడాలి. ఒకటి, రెండు అంటే తప్పినట్టు. మూడు అంటే పరవాలేదు, గాలి మొదలైంది. పది అంటే డిస్టింక్షన్. పదకొండు అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం. ఇక మీకు అడ్డు చెప్పేవాడు ఉండడు. అలలు చూడ్డానికి బయల్దేరండి.

1989 నవంబరు 9న కావలి దగ్గర తీరం దాటిన తుపాను థాయ్‌లాండ్ సింధుశాఖలో పుట్టి, అక్కడి నేలను దాటి, అండమాన్ సముద్రం మీదుగా బంగాళాఖాతంలోకి వచ్చింది. అంత దూరం నుంచి వచ్చేవాడికి ఎదురెళ్ళకపోతే మర్యాద కాదు. 2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున సునామీ వచ్చింది. సునామీకి ముందు కొన్నిచోట్ల సముద్రం వెనక్కి తగ్గి అడుగునేల బయటపడుతుంది. గవ్వలేరుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. ఆ రోజు ఎవరెవరిని పోగొట్టుకున్నారో పాలెంలో అడిగితే మీ ఉత్సాహం చల్లారిపోతుంది. ఎత్తైన స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టర్ల తలుపులు ఎటున్నాయో చూసిపెట్టుకోవడం కూడా పిరికివాళ్ళ పని.

తిండి

ఏమీ అడక్కండి. వెంట తెచ్చుకున్న చిప్స్ తిని ఖాళీ సంచుల్ని ఇసుకలో పూడ్చండి. పాలెంలో ఎవరింట్లోనైనా మామిడికాయ వేసిన చేపల పులుసు ముందురోజుది ఉంటుంది. నెల్లూరు మనిషికి అది రెండోరోజే పులుసు. అడిగితే పెడతారు, డబ్బిస్తామంటే నొచ్చుకుంటారు. ఇలాంటి మొహమాటాల్లో ఇరుక్కోకుండా ఉండడమే క్షేమం.

తిరుగు దారి

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది డొంక.

ప్రతి ఊరి నుంచి తీరానికి ఒక డొంక ఉండేది. బండ్లు ఉప్పు తెచ్చుకోవడానికి, ఆడవాళ్ళు చేపల గంపలు ఊళ్ళకు మోయడానికి, కార్తిక పౌర్ణమికి సముద్ర స్నానానికి ఊరంతా కదలడానికి. సర్వే పటాల్లో అది ఎవరి పేరా లేకుండా, పోరంబోకుగా ఉంటుంది. పోరంబోకు అనగానే చాలామందికి ఖాళీ అన్న మాటే వినపడుతుంది. మన మూలసూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఒకడు గట్టు అర గజం జరుపుతాడు. మరుసటేడు ఇంకొకడు గుంటకు కాలవ తీస్తాడు. ఆ తర్వాత సిమెంటు స్తంభం, ముళ్ళకంచె, గేటు. బండ్లు పోయాయి, టీవీఎస్‌లు వచ్చాయి, తారురోడ్డు చుట్టూ తిరిగినా సరే అన్నారు జనం. డొంక సగమై, కాలిబాటై, చివరికి రెండు గుంటల మధ్య గట్టైంది.

ఇందులో మీరు చేయవలసిన సాయం ఒక్కటే. నడవకండి. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఒకరి నేల మీదుగా ఇరవై ఏళ్ళు ఆపకుండా, దాపరికం లేకుండా, హక్కుగా నడిచిన దారికి హక్కు పుడుతుంది. కాబట్టి పంతొమ్మిదో ఏట ఆపేయాలి. సర్కారు డొంకను ఆక్రమించినవాణ్ణి ఖాళీ చేయించడానికి 1905 నాటి భూ ఆక్రమణ చట్టం తహసీల్దారు చేతికి ఎప్పుడో అధికారం ఇచ్చింది. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో, ఊరి ఉమ్మడి నేలల ఆక్రమణలు తొలగించడానికి పథకాలు వేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చట్టాలకు కొరత లేదు. ఇంగ్లండు జనం దగ్గర ఉన్నదీ, మన దగ్గర తగ్గుతున్నదీ బాణం గుర్తులు కాదు, ఆ దారిన రోజూ పోయే కాళ్ళు. నాలుగు కాళ్ళు తిరిగే డొంకకు ఎవడూ గేటు పెట్టలేడు. తిరగని డొంకకు పెట్టిన గేటును ఎవడూ అడగడు.

మీ ఊరి గ్రామ పటం మీభూమి వెబ్‌సైటులో దొరుకుతుంది. ఎఫ్‌ఎంబీ అనే పొలాల కొలతల పుస్తకం కోసం సచివాలయంలో గ్రామ సర్వేయరును అడగొచ్చు. పటంలో డొంక ఎంత వెడల్పుందో, నేల మీద ఎంత మిగిలిందో చూడడానికి ఒక ఆదివారం పొద్దున, ఊళ్ళో ఒక పెద్దాయన, ఒక టేపు చాలు. తేడా ఉంటే తహసీల్దారుకు అర్జీ పెట్టడానికి ఒక తెల్లకాగితం చాలు. పైన చెప్పిన సూత్రాల్లో ఏది పాటించినా మానినా, ఈ చివరి పని జోలికి మాత్రం పోకండి. పది ఊళ్ళ వాళ్ళు ఆ పని చేశారంటే తీరం ఖాళీ కాదని రుజువవుతుంది. ఈ కరదీపికను కొనేవాడు ఉండడు.